కత్తెర పురుగు బీటీ మొక్కజొన్నని ఎలా తట్టుకుంది, మన పొలాల్లో అయితే ఎన్నేళ్లు ఆగుతుంది

మీరు అడిగింది ఇదీ: వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం, చింతామణి దగ్గర మామగారి మూడెకరాల్లో మొక్కజొన్న. కత్తెర పురుగుకి మందులు కొట్టీ కొట్టీ ఆయన విసిగిపోయారు. విత్తనాల దుకాణంలో ఎవరో "బీటీ మొక్కజొన్న తెప్పిస్తాను, ఇక మందు కొట్టే పనే ఉండదు" అన్నాడు. బ్రెజిల్‌లో ఇదే పురుగు బీటీకి లొంగకుండా పోయిందని మీరు ఎక్కడో చదివారు. పురుగు ఎలా అలవాటు పడుతుంది, ఆ టెక్నాలజీ దండగేనా, మనకి వస్తే ఎన్నాళ్లు పనిచేస్తుంది?

ముందు దుకాణం సంగతి తేల్చేస్తాను. మన దేశంలో సాగుకి అనుమతి ఉన్న బీటీ మొక్కజొన్న విత్తనం ఒక్కటి కూడా లేదు. బీటీ పత్తికి ఉంది, మొక్కజొన్నకి లేదు. అనుమతి లేని జన్యుమార్పిడి విత్తనం అమ్మడం, వేయడం రెండూ పర్యావరణ పరిరక్షణ చట్టానికి విరుద్ధమే. కాబట్టి ఆ దుకాణంలో చూపించేది మూడింట్లో ఒకటి అయ్యుంటుంది. మామూలు హైబ్రిడ్‌కే బీటీ పేరు తగిలించి ఎక్కువ ధరకి అమ్మడం ఒకటి. దొంగదారిన వచ్చిన సరుకు ఇంకొకటి. మూడోది, బీటీ పొడి. అంటే బాసిల్లస్ తురింజియెన్సిస్ బ్యాక్టీరియాతో తయారుచేసిన పిచికారీ మందు. ఇది చట్టబద్ధం, సేంద్రియ రైతులూ వాడతారు, లీటరు నీటికి 2 గ్రాములు. పొడి అయితే తీసుకోండి. విత్తనం అయితే వద్దనండి. బిల్లు అడిగి చూడండి, సగం సంగతి అక్కడే తేలిపోతుంది.

ఇక అసలు విషయం. నా ఉద్యోగం చాలా మటుకు ఇక్కడే, బెంగళూరులో హెబ్బాళ చుట్టుపక్కల ల్యాబుల్లో పురుగుల్ని పెంచడంతోనూ, వాటికి మందులూ బీటీ ప్రోటీన్లూ తినిపించి చూడడంతోనూ గడిచింది. అందుకని కొంచెం వివరంగానే రాస్తాను.

బీటీ మొక్క ఏ భాగంలో అయినా ఆ బ్యాక్టీరియాకి చెందిన ప్రోటీన్ ఒకటి తయారవుతుంది. మొక్కజొన్నలో ఎక్కువగా వాడినవి క్రై1ఏబీ, క్రై1ఎఫ్ అనేవి. పురుగు ఆకు కొరికినప్పుడు ఆ ప్రోటీన్ దాని పేగులోకి వెళ్తుంది. గొంగళి పురుగుల పేగు బాగా క్షార గుణంతో ఉంటుంది కాబట్టి అక్కడ కరుగుతుంది. పేగులోని ఎంజైములు దాన్ని కత్తిరించి చురుకైన రూపానికి తెస్తాయి. అది పేగు గోడ మీద ఉన్న కొన్ని గ్రాహకాలకి అతుక్కుని, కణాల పొరలో చిల్లులు పెడుతుంది. కణాలు ఉబ్బి పగిలిపోతాయి, పురుగు తిండి మానేసి చస్తుంది. మన కడుపులో ఆమ్లం, పైగా ఆ గ్రాహకాలు మనకి లేవు. అందుకే ప్రోటీన్ మనల్ని ఏమీ చేయదు.

పురుగు తట్టుకోవడమంటే సాధారణంగా ఆ గ్రాహకంలో మార్పు రావడం. పోర్టో రికో కత్తెర పురుగులో ఏబీసీసీ2 అనే రవాణా ప్రోటీన్ జన్యువు దెబ్బతింది. క్రై1ఎఫ్‌కి అతుక్కునే చోటు లేకుండా పోయింది. పురుగు మాత్రం హాయిగా తింటూ పెరిగింది.

ఇక్కడ "అలవాటు" అనే మాట పక్కన పెట్టాలి. ఏ ఒక్క పురుగూ విషం తింటూ తింటూ అలవాటు పడదు. బీటీ రాకముందే, లక్షల పురుగుల్లో ఏ ఒకటి రెండింటికో ఆ మార్పు పుట్టుకతోనే ఉంటుంది. మనం బీటీ వేసి మిగతావాటిని చంపేస్తాం. మిగిలినవి పిల్లల్ని కంటాయి. అంతే జరుగుతుంది. అయితే ఆ "అంతే" మూడేళ్లలో జరుగుతుందా, పాతికేళ్లకైనా జరగదా అన్నది పూర్తిగా వేరే లెక్క. మీ ప్రశ్నకి జవాబు ఆ లెక్కలోనే ఉంది.

ల్యాబులో ఇది ఎలా కనిపిస్తుందో చెప్తాను. చిన్న చిన్న గుంటలున్న ప్లాస్టిక్ ట్రే తీసుకుంటాం. ఒక్కో గుంటలో తడి అగర్ మీద బీటీ మొక్క ఆకు ముక్క, దాని మీద అప్పుడే గుడ్డులోంచి వచ్చిన పిల్ల పురుగు ఒక్కటే. రెండు వేస్తే ఒకటే మిగులుతుంది, కత్తెర పురుగు తోటి పురుగునే తినేస్తుంది. వారం తర్వాత మూత తీస్తే చాలా గుంటల్లో ఆకు అలాగే పచ్చగా ఉంటుంది, మూలన దారప్పోగంత నల్లటి పిల్ల ఎండిపోయి ఉంటుంది. ఆకు అంచున ఒకటి రెండు గీకుళ్లు, అంతే. అలా చూసుకుంటూ పోతుంటే ఎక్కడో ఒక గుంటలో ఆకు ఈనె మాత్రమే మిగిలి, రెట్టలు పోగుపడి, మధ్యలో బొద్దుగా ఒక పురుగు కనిపిస్తుంది. నెత్తి మీద తలకిందులైన వై ఆకారం గీత, తోక దగ్గర చదరంగా నాలుగు చుక్కలు. ఆ గుంట నంబరు రాసుకుంటాం. పరిశోధన అంతా ఇక ఆ ఒక్క పురుగు మీదే.

ఇప్పుడు లెక్క. తట్టుకునే జన్యువు వెయ్యిలో ఒక వంతు ఉందనుకోండి. ప్రతి పురుగుకీ తల్లి నుంచి ఒక ప్రతి, తండ్రి నుంచి ఒక ప్రతి వస్తాయి. రెండూ తట్టుకునే రకం అయిన పురుగులు పది లక్షల్లో ఒక్కటి. ఒకటి మాత్రమే తట్టుకునే రకం అయినవి పది లక్షల్లో దాదాపు 2 వేలు. మొక్కలో విషం చాలా ఎక్కువ మోతాదులో ఉంటే, ఈ 2 వేల సగం బలం పురుగులు కూడా చచ్చిపోతాయి. బతికేది ఆ ఒక్కటే. మోతాదు తక్కువైతే ఆ 2 వేలూ బతుకుతాయి. ఒక మోస్తరు పొలానికి ఒకటి బతకడానికీ, 2 వేలు బతకడానికీ ఉన్న తేడాయే మూడేళ్లకీ ముప్ఫై ఏళ్లకీ తేడా. అందుకే శాస్త్రవేత్తలు అడిగిన మోతాదు మామూలు పురుగుని చంపడానికి చాలినదానికి 25 రెట్లు.

సరే, ఆ ఒక్కటి బతికింది. దానికి జోడీ ఎవరు? చుట్టూ అంతా బీటీయే అయితే దొరికేది దానిలాగే బతికి బయటపడ్డ ఇంకొకటే. మేనరికాల్లో దాగి ఉన్న జబ్బు పిల్లల్లో బయటపడినట్టే, ఇక్కడ దాగి ఉన్న బలం బయటపడుతుంది. పిల్లలన్నీ పూర్తి బలంతో పుడతాయి. పక్కనే కొంత నాన్ బీటీ మొక్కజొన్న ఉంటే అక్కడ మామూలు పురుగులు వేల సంఖ్యలో పెరిగి రెక్కల పురుగులవుతాయి. మన ఒంటరి దానికి బయటి సంబంధం దొరుకుతుంది. పిల్లలన్నీ సగం బలమే, మళ్లీ బీటీ ఆకు తింటే చస్తాయి. నాన్ బీటీ వరసలు వేయమనేది ఇందుకే. పురుగులకి మనం కావాలని తిండి పెట్టడం ఏమిటని రైతులకి అనిపించడం సహజం, పత్తి రైతులు ముఖం మీదే అన్నారు కూడా.

ఈ రెండు షరతులూ, అంటే మోతాదూ నాన్ బీటీ భాగమూ, ఎక్కడ తప్పాయో అక్కడే బీటీ విఫలమైంది. పోర్టో రికోలో క్రై1ఎఫ్ ఉన్న మొక్కజొన్న 2003లో వచ్చింది. 2006కల్లా కత్తెర పురుగు దాన్ని తినేస్తోంది, కంపెనీ ఆ ద్వీపంలో అమ్మకం ఆపేసింది. క్రై1ఎఫ్ కత్తెర పురుగుకి అత్యధిక మోతాదు కాదు. అమెరికా ఉత్తరాది చలి ప్రాంతాల్లో పురుగుకి ఏడాదికి కొన్ని నెలలు తిండి దొరకదు, అసలు బతకదు. పోర్టో రికోలో ఏడాది పొడుగునా మొక్కజొన్న ఉంటుంది, తరం మీద తరం ఆగకుండా వస్తాయి. పైగా అది ద్వీపం, బయటి పురుగులు పెద్దగా వచ్చి కలవవు. అమ్మకం ఆపేసిన తర్వాత కూడా అక్కడి పురుగుల్లో ఆ బలం ఏళ్ల తరబడి పోలేదు. మందు మానేస్తే పురుగు మళ్లీ లొంగుతుందనే మాట ఉందే, కొన్ని పురుగుల విషయంలో నిజం. దీని విషయంలో కాలేదు.

బ్రెజిల్ సంగతి మీరు చదివిందే. క్రై1ఎఫ్ మొక్కజొన్నకి 2008లో అనుమతి, 2011కల్లా పొలాల్లో పురుగు బతుకుతోంది. అక్కడ ఏడాదికి రెండు మొక్కజొన్న పంటలు, మధ్యలో పత్తి, సోయా. నాన్ బీటీ వేయాలన్న నిబంధన కాగితం మీద ఉంది, పొలంలో చాలామంది వేయలేదు.

దక్షిణాఫ్రికాలో పురుగు వేరు, బుసియోలా ఫుస్కా అనే కాండం తొలుచు పురుగు. అక్కడ బీటీ మొక్కజొన్న 1998లో మొదలైంది, పురుగు తట్టుకుంటోందని 2007లో ప్రచురించారు. నాకు ఎక్కువ ఆసక్తి కలిగించింది ఆ తర్వాత తేలిన విషయం. ఈ పురుగులో సగం బలం ఉన్నవి కూడా బీటీ మొక్క మీద బతికేస్తున్నాయని 2013లో బయటపడింది. నేను పైన వేసిన లెక్క మొత్తం సగం బలం పురుగులు చస్తాయన్న నమ్మకం మీదే నిలబడి ఉంది. ఆ నమ్మకం తప్పిన చోట 20 శాతం నాన్ బీటీ పెట్టినా లాభం అంతంతమాత్రం. మోడల్ వేసేముందు పురుగుని అడగాలని మా గురువుగారు ఒకరు అనేవారు, ఊరికే అనలేదు.

అమెరికాలో వేరు తొలిచే పెంకు పురుగుది కూడా ఇదే కథ. క్రై3బీబీ1 రకం 2003లో వచ్చింది. ఏటా అదే పొలంలో మొక్కజొన్నే వేసిన అయోవా రైతుల దగ్గర 2009లో సేకరించిన పురుగులు తట్టుకున్నాయి. దాని మోతాదు మొదటి నుంచీ తక్కువే, అందరికీ తెలుసు.

అయితే టెక్నాలజీ దండగ అనుకోవద్దు. అమెరికా మొక్కజొన్న ప్రాంతంలో యూరోపియన్ కాండం తొలుచు పురుగు మీద బీటీ 1996 నుంచి వాడకంలో ఉంది. మోతాదు ఆ పురుగుకి సరిపోయేంత ఎక్కువ, మొదట్లో నాన్ బీటీ భాగం కూడా బాగానే వేశారు. ఆ పురుగు ప్రాంతం మొత్తం మీద తగ్గిపోయింది. 14 ఏళ్లలో 5 రాష్ట్రాలకి కలిగిన లాభం దాదాపు 680 కోట్ల డాలర్లని 2010లో లెక్క వేశారు. అందులో సగానికి పైగా లాభం నాన్ బీటీ వేసిన రైతులకే దక్కింది. చుట్టుపక్కల పురుగే లేకపోతే విత్తనం ఖర్చు పెట్టనివాడికే మిగులు ఎక్కువ కదా. ఈ పురుగు కూడా క్రై1ఎఫ్‌ని తట్టుకోవడం 2018లో కెనడాలోని నోవా స్కోషియాలో బయటపడింది. అంటే ఇరవై ఏళ్లకి పైగా నిలబడింది. పోర్టో రికోలో మూడేళ్లు. చంపే సూత్రం ఒక్కటే.

మన పత్తి ఈ రెండూ ఒకేసారి చూపించింది. బోల్‌గార్డ్ అనే బీటీ పత్తి 2002లో వచ్చింది. గుజరాత్‌లో గులాబీ రంగు పురుగు దాన్ని తట్టుకుంటోందని 2010లో కంపెనీయే ఒప్పుకుంది. రెండు జన్యువులున్న బోల్‌గార్డ్ 2 రకం 2006లో వచ్చింది, 2015 నాటికి అదీ ఆ పురుగు ముందు చేతులెత్తేసింది. తర్వాత మహారాష్ట్ర, తెలంగాణ, ఆంధ్ర రైతులు పడ్డ బాధ తెలిసిందే. అదే పత్తిలో శనగపచ్చ పురుగు మాత్రం అంత త్వరగా తట్టుకోలేదు. కారణం దాని తిండి. అది కందిని, శనగని, టమాటాని కూడా తింటుంది. ఆ పొలాలన్నీ దానికి నాన్ బీటీ భాగాలే. గులాబీ పురుగుకి పత్తి తప్ప పెద్దగా వేరే దిక్కు లేదు. 450 గ్రాముల బీటీ ప్యాకెట్‌తో పాటు ఇచ్చిన 120 గ్రాముల నాన్ బీటీ ప్యాకెట్ మన పొలాల్లో ఎంతమంది వేశారో మీ మామగారిని అడగండి, గట్టు మీద పారేసిన ప్యాకెట్లు ఆయనా చూసే ఉంటారు.

చైనాలో యాంగ్జీ లోయలో దీనికి పూర్తి విరుద్ధంగా జరిగింది. అక్కడి రైతులు ఖర్చు కలిసొస్తుందని రెండో తరం హైబ్రిడ్ విత్తనాలు వేశారు. అందులో నాలుగో వంతు మొక్కలకి బీటీ ఉండదు. ఎవరూ నిబంధన పెట్టకుండానే నాన్ బీటీ భాగం పొలమంతా చల్లినట్టు కలిసిపోయింది. గులాబీ పురుగులో పెరుగుతున్న బలం వెనక్కి తగ్గింది. రైతుకి వేరే పని చెప్పకుండా నాన్ బీటీ గింజలు విత్తనంలోనే కలిపి ఇస్తేనే జరుగుతుందని నా అభిప్రాయం దీని నుంచే.

ఇక మన మొక్కజొన్న. కత్తెర పురుగు 2018 మే నెలలో శివమొగ్గలో కనిపించింది, ఆ జూలైలో ఇక్కడి ఎన్‌బీఏఐఆర్ (వ్యవసాయ కీటకాల మీద పనిచేసే జాతీయ సంస్థ) శాస్త్రవేత్తలు మీ చిక్కబళ్లాపుర జిల్లాలోనే నమోదు చేశారు. రెక్కల పురుగు ఒక్క రాత్రిలో 100 కిలోమీటర్లు ఎగరగలదు, ఆడది జీవితంలో వెయ్యికి పైగా గుడ్లు పెడుతుంది. మన ఎండల్లో నెల రోజులకి ఒక తరం. కర్ణాటకలో ఖరీఫ్, కృష్ణా గుంటూరు డెల్టాలో వరి కోత తర్వాత మొక్కజొన్న, మధ్యలో జొన్న, రాగి, పశుగ్రాసం. అంటే తిండి కరువు లేదు, పోర్టో రికో, బ్రెజిల్ పరిస్థితికే దగ్గర. పైగా ఈ పురుగు మన దగ్గరికి ఖాళీ చేతులతో రాలేదు, కొన్ని పాత మందుల్ని తట్టుకునే జన్యు మార్పులు వచ్చేటప్పుడే తెచ్చుకుంది.

ఒక్క క్రై1ఎఫ్‌తోనో క్రై1ఏబీతోనో మొక్కజొన్న వదిలితే మన పొలాల్లో నాలుగైదేళ్లకి మించి నిలవదని నా అంచనా. ఇది నా అంచనాయే, ఎవరూ పరీక్షించి చెప్పింది కాదు. విప్3ఏ అనే ప్రోటీన్ వేరే గ్రాహకాన్ని పట్టుకుంటుంది, క్రై రకాల్ని తట్టుకున్న పురుగుని కూడా చంపుతుంది. దాన్ని రెండు క్రై ప్రోటీన్లతో కలిపి, నాన్ బీటీ గింజలు సంచీలోనే కలిపి ఇస్తే గడువు బాగా పెరుగుతుంది. కానీ ఆ సంచీలోని క్రై ప్రోటీన్ల బలం అప్పటికే పోయి ఉంటే, విప్3ఏ ఒంటరిగా మిగిలినట్టే. బ్రెజిల్‌లో ఇప్పుడు ఉన్న భయం ఇదే. అందుకే దొంగ విత్తనం అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఏ జన్యువుందో, ఎంత మోతాదో తెలియని సగం మోతాదు విత్తనం ఊళ్లో నాలుగు పొలాల్లో పడితే, పైన చెప్పిన ఆ 2 వేల పురుగుల్ని మనమే పెంచి పోషించినట్టు. రేపు అసలు విత్తనం వచ్చేసరికి పురుగు సిద్ధంగా ఉంటుంది.

ఈ లెక్క బీటీకే కాదు, మీ మామగారు కొట్టే మందులకీ వర్తిస్తుంది. పోర్టో రికో కత్తెర పురుగు క్లోరాంట్రానిలిప్రోల్‌ని కూడా గట్టిగా తట్టుకుంటోంది. కాబట్టి ఒకే మందు వరసగా రెండు సార్లు వద్దు. ఎమామెక్టిన్ బెంజోయేట్ 5 ఎస్‌జీ లీటరుకి 0.4 గ్రాములు, స్పైనెటోరామ్ 11.7 ఎస్‌సీ లీటరుకి 0.5 మిల్లీలీటర్లు, క్లోరాంట్రానిలిప్రోల్ 18.5 ఎస్‌సీ లీటరుకి 0.4 మిల్లీలీటర్లు. మూడూ మూడు రకాలుగా పనిచేస్తాయి, మార్చి మార్చి వాడాలి. మొదటి మూడు వారాల్లో వందకి 5 మొక్కల్లో గాయం కనబడితే వేపనూనె చాలు, 1500 పీపీఎం అయితే లీటరుకి 5 మిల్లీలీటర్లు. ఆకు మీద ఊలు లాంటి పూతతో గుడ్ల ముద్దలు ఉంటాయి. అవి కనబడితే వేళ్లతో నలిపేయడం అన్నిటికన్నా చవక. మందు సాయంత్రం పూట, నాజిల్ సుడిలోకి, అంటే మొక్క మధ్యలో చుట్టుకుని ఉన్న లేత ఆకుల్లోకి, వంచి కొట్టాలి. పురుగు అక్కడే కూర్చుని రంపపు పొట్టు లాంటి రెట్ట వేస్తూ ఉంటుంది, పై ఆకుల మీద మందు దానికి తగలదు.

పెద్ద పురుగు లోపలికి దిగిపోయాక విషపు ఎర వేయండి. ఎకరానికి 10 కిలోల తవుడు, 2 కిలోల బెల్లం రెండు మూడు లీటర్ల నీళ్లతో కలిపి ఒక రోజు ఊరనిచ్చి, వేసే అరగంట ముందు 100 గ్రాముల థయోడికార్బ్ కలిపి సుడిలో చిటికెడు చిటికెడు వేయాలి. చేతికి గ్లౌజులు తప్పనిసరి, పశువుల్ని ఆ చేలోకి తోలకూడదు. మొక్కకి జల్లు (మగపూత) వచ్చాక రసాయన మందు ఆపేయండి. అప్పుడు కొట్టినా ఖర్చు తిరిగి రాదు, కండెల్లో అవశేషాలు మిగులుతాయి.

ఈ పంట విత్తి ఎన్ని రోజులైందో, వందకి ఎన్ని మొక్కల్లో సుడి గాయపడిందో లెక్కపెట్టి రాయండి. పొలంలో ఐదు చోట్ల ఇరవైయేసి మొక్కలు చూస్తే సరిపోతుంది. ఇప్పటికి ఏ మందు కొట్టారో డబ్బా మీద పేరు ఫోటో తీసి పెడితే, తర్వాత ఏది కొట్టాలో చెప్తాను.